వడ్డీ లేని బ్యాంకులు – వాని పరిపాలన

మా కేంద్రములో చాలకాలము పనిచేసి విరమించిన ఒక వాద్యకారులు కొంతకాలము క్రిందట మమ్ములను చూడవచ్చిరి. కుశలప్రశ్నలైన పిమ్మట జేబులోనుండి మడతలు పెట్టిన కాగితమొకటి తీసి బల్లమీద ఉంచిరి. అది ఒక సంస్థ ఇచ్చిన రసీదు. ఉద్యోగవిరమణనాడు చేతికి వచ్చిన గ్రాట్యుయిటీ సొమ్ములో సగము వారు ఆ సంస్థలో పెట్టిరట. ఆ సంస్థ తన్ను బ్యాంకని చెప్పుకొనలేదు. ఇచ్చునది వడ్డీ కాదనియు, వ్యాపారములో వాటా యనియు చెప్పినది. రెండు సంవత్సరములు నెలనెలా లాభము వచ్చినది. ఆపైన ఒకనాడు తలుపులు మూతపడినవి.

వారు మాతో అన్న మాటలను అన్నట్లే చెప్పెదము: "బాబూ, ఎక్కువ వస్తుందని పెట్టలేదు. వడ్డీ తినగూడదని పెట్టాను. దైవభక్తి గలవాళ్లు నడుపుతున్నారు గదా అని లెక్కలు అడగలేదు. అడిగితే అపనమ్మకం అనుకుంటారేమోనని మొగమాటపడ్డాను."

ఆ చివరిమాటయే నేటి మా ప్రసంగమునకు మూలము. వడ్డీ లేని బ్యాంకు అనునది నేడు ఒక ఊహ కాదు. పశ్చిమాసియాలోను, మలేషియాలోను, తుర్కీలోను, పాకిస్తానులోను, బ్రిటనులో సైతము అట్టి బ్యాంకులు పనిచేయుచున్నవి. వానికి సంబంధించిన బ్యాంకు వ్యాపారము, పత్రములు, బీమా అన్నియు కలిపి మూడు లక్షల కోట్ల డాలర్లకు మించినవని లెక్కలు చెప్పుచున్నవి. ఇంత సొమ్మును ఎవరు పాలించుచున్నారు? పాలించువారిని ఎవరు ప్రశ్నించుచున్నారు? ఆ పాలనకును, బ్యాంకు సాధించు ఫలితమునకును గల సంబంధమేమి? దీనినే ఇంగ్లీషు చదివినవారు కార్పొరేట్ గవర్నెన్స్ అందురు. మనము సంస్థా పరిపాలన అని చెప్పుకొందము.

సామాన్యమైన బ్యాంకులో మనము సొమ్ము వేయునప్పుడు పరిపాలనను గూర్చి ఆలోచింపము. ఇంత వడ్డీ, ఇన్ని సంవత్సరములు అని కాగితముమీద వ్రాసి ఇత్తురు. బ్యాంకునకు లాభము వచ్చినను నష్టము వచ్చినను ఆ మాట తప్పరాదు. పైగా మన దేశములో 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల రూపాయలవరకు బీమా రక్షణ కలదు. కావున బ్యాంకు లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలసిన అగత్యము సామాన్యునకు అంతగా లేదు. ఆ పని రిజర్వు బ్యాంకు చూచుకొనును.

ఇస్లామిక్ బ్యాంకులో ఏర్పాటు వేరు. ఖురాను వడ్డీని నిషేధించినది, వ్యాపారమును అనుమతించినది. డబ్బు తనంతట తాను పిల్లలు పెట్టరాదు. వస్తువును కొనియో, శ్రమపడియో, నష్టమునకు సిద్ధపడియో లాభము పొందవలెనని దాని భావము. ఈ భావము మన పల్లెలవారికి కొత్తది కాదు. ఒకరు ఆవును ఇత్తురు, మరియొకరు మేపుదురు. ఈనిన దూడలను పంచుకొందురు. దానిని పాలుకిచ్చుట అందుము. పెట్టుబడి ఒకరిది, పని మరియొకరిది, లాభము ఇద్దరిది అను ఒప్పందమునకు అరబ్బీలో ముదారబా అని పేరు. ఇద్దరును పెట్టుబడి పెట్టి కలిసి వ్యాపారము చేసినచో ముషారకా. మన కౌలువంటిది ఇజారా. ఇక, బ్యాంకే ఒక యంత్రమునో, వాహనమునో కొని, కొన్నవెలను దాచక చెప్పి, దానిపై కొంత లాభము వేసి వాయిదాలమీద అమ్మినచో అది మురాబహా. నేటి ఇస్లామిక్ బ్యాంకులు సొమ్మును బయటికి ఇచ్చుటలో ఎక్కువగా వాడునది ఈ మురాబహా పద్ధతియే.

ఈ ఆలోచన వికసించుటలో మన హైదరాబాదునకును ఒక స్థానము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, అక్కడనే బోధించి, తరువాత పారిస్ నగరములో స్థిరపడిన డాక్టరు ముహమ్మద్ హమీదుల్లాగారు హైదరాబాదులో నడచిన వడ్డీలేని పరపతి సంఘములను గూర్చి వ్రాసి, వానిని పైదేశముల పండితుల దృష్టికి తెచ్చిరి. ఇస్లామీయ ఆర్థిక భావములకు హైదరాబాదు చేసిన సేవను గూర్చిన వారి వ్యాసము 1955లో వెలువడినది. అదే విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రాచార్యులైన అన్వర్ ఇక్బాల్ ఖురేషీగారు వడ్డీ సిద్ధాంతమును ఇస్లామీయ దృష్టితో విమర్శించుచు 1946లో ఒక గ్రంథము ప్రకటించిరి. బ్యాంకులు పుట్టకమునుపే ఈ నగరములో ఆ చర్చ జరిగినదన్నమాట.

ఆచరణలో తొలి ప్రయత్నము ఈజిప్టులో నైలునది డెల్టాలోని మిత్ గమ్ర్ అను చిన్నపట్టణమున 1963లో జరిగినది. అహ్మద్ అల్ నజ్జార్ అను అర్థశాస్త్రజ్ఞుడు జర్మనీ దేశపు పొదుపు బ్యాంకుల తీరును చూచి, దానిని వడ్డీ లేకుండ రైతులకు అనువుగా మార్చెను. నాలుగైదేండ్లలోనే ఆ సంస్థ తన తొలిరూపమును కోల్పోయి ప్రభుత్వ బ్యాంకులలో కలిసిపోయినది. అదే 1963లో మలయాలో హజ్ యాత్రికులు సొమ్ము కూడబెట్టుకొనుటకు ఒక సంస్థ ఏర్పడినది. నేటి తబుంగ్ హాజీ దాని వారసురాలే. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకును, జెద్దాలో ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకును వెలసినవి. 1977లో కువాయిటులోను, 1983లో మలేషియాలోను అట్టి బ్యాంకులు వచ్చినవి. చమురు ధరలు పెరిగి గల్ఫుదేశములలో ధనము పొంగిన కాలమది.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. ఇస్లామిక్ బ్యాంకులో సొమ్ము వేసినవాడు ఎవరు? అప్పిచ్చినవాడా, వాటాదారుడా?

అతడు ముదారబా క్రింద సొమ్ము వేసినచో అప్పిచ్చినవాడు కాడు. కావున అసలు తిరిగి వచ్చునను హామీ ధర్మశాస్త్రము ప్రకారము లేదు. వ్యాపారములో నష్టము వచ్చినచో ఆ నష్టము సొమ్ము వేసినవానిదే. బ్యాంకు నష్టపోవునది తన శ్రమను మాత్రమే. బ్యాంకువారు అశ్రద్ధ చేసిరనియో, ఒప్పందము మీరిరనియో రుజువైనప్పుడే వారు బాధ్యులగుదురు. నష్టము భరించు విషయములో అతడు వాటాదారువంటివాడే. కాని వాటాదారునకు వోటు కలదు. వార్షికసభలో లేచి ప్రశ్నించు హక్కు కలదు. డైరెక్టర్లను ఎన్నుకొను అధికారము కలదు. ఇతనికి అందులో ఏదియు లేదు. ఆవును పాలుకిచ్చిన రైతు సాయంకాలము దొడ్డికి పోయి గడ్డి వేసినారో లేదో చూచుకొనగలడు. బ్యాంకులో సొమ్మువేసినవాడు ఏ దొడ్డికి పోయి చూడగలడు?

డైరెక్టర్లను ఎన్నుకొనువారు వాటాదారులు. ఆ డైరెక్టర్లే వాటాదారుల సొమ్మును, డిపాజిటుదారుల సొమ్మును ఒకేచోట కలిపి వ్యాపారము చేయుదురు. ఏ ఖర్చు ఎవరి పద్దులో వ్రాయవలెను, వచ్చిన లాభములో బ్యాంకు పాలెంత, సొమ్ము వేసినవారి పాలెంత, రిజర్వునకు తీయవలసినదెంత అని నిర్ణయించువారును వారే. లాభము వచ్చినచో పంచుకొని, నష్టము వచ్చినచో ఇతరుల తలపై వేయుటకు వీలున్నచోట, కొంచెము సాహసము చేసి చూతమను కోరిక ఎవరికైనను పుట్టును. ఇందుకు దుర్మార్గుడే కానక్కరలేదు. కావుననే ఇస్లామిక్ బ్యాంకులకు సామాన్యమైన బ్యాంకులకంటె ఎక్కువ కాపలా అవసరమని మేము చెప్పుచున్నాము. మతము పేరున్నది గనుక తక్కువ కాపలా చాలునని అనుకొనుట తలక్రిందులైన ఆలోచన.

ఆచరణలో మరియొక వింత జరుగుచున్నది. ఒక సంవత్సరము ఇస్లామిక్ బ్యాంకు లాభము తగ్గినదనుకొందము. ప్రక్క వీథిలోని మామూలు బ్యాంకు నూటికి నాలుగు చొప్పున వడ్డీ ఇచ్చుచున్నది. ఇస్లామిక్ బ్యాంకు వంతుకు నూటికి రెండే వచ్చినది. ఉన్నదున్నట్లు పంచినచో ఖాతాదారులు సొమ్ము తీసికొని వెళ్లిపోవుదురు. అందుచేత బ్యాంకు తన వాటాను వదలుకొనియో, మంచి సంవత్సరములలో ప్రక్కకు తీసియుంచిన నిధిలోనుండి తోడియో నాలుగు చేసి పంచును. ఇట్టి నిధికి లాభ సమీకరణ నిధి యని పేరు. చూచుటకిది మంచిపనియే. కాని దీనివలన రెండు చిక్కులు కలుగుచున్నవి. మొదటిది, మంచి సంవత్సరమున సొమ్ము ఉంచి ముందే తీసికొనిపోయినవాని లాభము తరువాత వచ్చినవానికి చెందుచున్నది. రెండవది, బ్యాంకు ఆరోగ్యము బయటికి కనబడదు. జ్వరమున్నను లేకున్నను ఒకే అంకె చూపు థర్మామీటరు చేతిలో ఉన్నచో వైద్యుడేమి చేయగలడు? మా వాద్యకారులకు నెలనెలా తప్పక వచ్చిన లాభము వారికి ధైర్యమునిచ్చినది. వ్యాపారమనునది నెలనెలా ఒకే తీరున లాభమిచ్చునా అని ఆనాడు అనుమానము కలుగవలసినది.

ఇక ఈ బ్యాంకులకు మాత్రమే ప్రత్యేకమైన వ్యవస్థ ఒకటి కలదు. అది ధర్మశాస్త్ర మండలి. షరియా బోర్డు అందురు. డైరెక్టర్ల బోర్డు వ్యాపారమును చూచును. ఈ మండలి ఆ వ్యాపారము ధర్మసమ్మతమా కాదా అని చూచును. బహ్రెయినులో 1991 నుండి పనిచేయుచున్న ఇస్లామిక్ లెక్కల ప్రమాణముల సంస్థ ఈ మండలిలో కనీసము ముగ్గురు పండితులుండవలెనని విధించినది. ఆలోచన ఉత్తమమైనది. డైరెక్టర్లకు పైన మరియొక కన్ను ఉన్నది గదా!

కాని ఆ కంటికి జీతమిచ్చునది ఎవరు? బ్యాంకే. ధర్మశాస్త్రమును, ఆధునిక ధనవ్యాపారమును రెండింటిని ఎరిగిన పండితులు లోకమున కొద్దిమందియే. అందుచేత గల్ఫుదేశములలో ఒకే పండితుడు పదుల కొలది సంస్థల మండలులలో సభ్యుడై ఉండుట జరిగినది. సంవత్సరమునకు నాలుగుసార్లు సమావేశమై, బ్యాంకు ఉద్యోగులు తెచ్చిన ఒప్పందముల నమూనాలను చూచి సంతకము చేసినచో, ఆ ఒప్పందములు కౌంటరుదగ్గర ఎట్లు అమలగుచున్నవో వారికి తెలియునా? నమూనాలో బ్యాంకు యంత్రమును కొని అమ్మినట్లుండును. వాస్తవములో యంత్రము ఉన్నదా? ఎవరు పోయి చూచిరి?

ఈ ప్రశ్న మండలిలోని పెద్దలనుండియే వచ్చినది. సుకూక్ అను ధర్మసమ్మత ఋణపత్రములలో నూటికి 85 వంతులు శాస్త్రమునకు సరిపడియుండలేదని ప్రసిద్ధ పండితులు, బహ్రెయిను సంస్థ ధర్మశాస్త్ర మండలి అధ్యక్షులునైన ముహమ్మద్ తఖీ ఉస్మానీగారు 2007లో బహిరంగముగ పలికిరి. అప్పటికి ఆ పత్రములన్నింటిపైనను పండితుల సంతకములున్నవి. పదేండ్ల తరువాత, 2017లో, షార్జాకు చెందిన దానా గ్యాస్ కంపెనీ తాను జారీచేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్ పత్రములు ఇప్పుడు ఆ దేశపు చట్టము ప్రకారము చెల్లవని వాదించి, సొమ్మిచ్చినవారిని కోర్టులపాలు చేసినది. అమ్మునప్పుడు ధర్మసమ్మతము, చెల్లింపవలసినప్పుడు కాదు! సంతకమునకును కాపలాకును గల భేదము ఇట్టిచోట తెలియును.

కాపలా లోపించినచో ఏమగునో తుర్కీ అనుభవము చెప్పుచున్నది. ఆ దేశములో వడ్డీలేని బ్యాంకులను ఆనాడు ప్రత్యేక ధనసంస్థలనెడివారు. వానిలో పెద్దది ఇహ్లాస్ ఫినాన్స్. పత్రికలు, దూరదర్శనము, గృహనిర్మాణము మొదలగు పెక్కు వ్యాపారములు గల ఒక వ్యాపార సముదాయమునకు అది చెందినది. ఖాతాదారుల సొమ్మును తన సముదాయములోని కంపెనీలకే హద్దుమీరి మళ్లించినదని ప్రభుత్వ పర్యవేక్షణ సంస్థ తేల్చినది. 2000 సంవత్సరాంతమున దేశములో ధనసంక్షోభము పుట్టగనే ఖాతాదారులు వరుసలు కట్టిరి. 2001 ఫిబ్రవరిలో దాని అనుమతి రద్దయినది. ప్రభుత్వ బీమా ఆ ఖాతాలకు వర్తింపలేదు. తప్పు ఒక సంస్థది. కాని ఏ తప్పును ఎరుగని తక్కిన వడ్డీలేని సంస్థల ముందును జనము గుమిగూడిరి. తరువాతనే ఖాతాదారులకు రక్షణనిధి ఏర్పడినది. 2005 నాటి బ్యాంకు చట్టము ఈ సంస్థలను పూర్తిగా బ్యాంకుల క్రమశిక్షణ క్రిందికి తెచ్చినది.

ఇందులో గమనింపవలసినది, అక్కడ చెడినది ధర్మశాస్త్రము కాదు. వడ్డీ తీసికొన్నందువలన ఆ సంస్థ కూలలేదు. సొంత కంపెనీలకు ఇచ్చినదెంత, బయటివారికి ఇచ్చినదెంత అని గట్టిగా అడుగువాడు లోపల లేకపోవుటచేత కూలినది. కంచెయే చేనుమేసినచో చేను ఏ మతమువారిదైననేమి?

అయినచో ఈ బ్యాంకుల ఫలితములు మొత్తముమీద ఎట్లున్నవి? ఈ విషయమున రెండు అతివాదములు వినబడుచున్నవి. వడ్డీ లేదు గనుక ఇవి ఎన్నటికిని చెడవని ఒకరు. ఇది పేరుమార్పు మాత్రమేయని మరియొకరు. పరిశోధకుల లెక్కలు ఇద్దరిని పూర్తిగ సమర్థించుటలేదు.

2008 నాటి ప్రపంచ ధనసంక్షోభమునే తీసికొందము. అమెరికాలో ఇండ్ల అప్పులను మూటలుకట్టి అమ్మిన పత్రములు విషమై పెద్దపెద్ద బ్యాంకులను కూల్చినవి. అప్పును అమ్మి లాభము తీయుట తమకు నిషిద్ధము గనుక ఇస్లామిక్ బ్యాంకులు ఆ పత్రములను కొనలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన మహెర్ హసన్, జెమ్మా ద్రిదీ అను పరిశోధకులు 2010లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2008లో ఇస్లామిక్ బ్యాంకుల లాభములు తక్కినవానికంటె మెరుగుగా నిలిచినవి. కాని 2009లో సంక్షోభము భవనములకు, వ్యాపారములకు ప్రాకినప్పుడు కొన్ని దేశములలో వీని లాభములు తక్కినవానికంటె ఎక్కువగా పడిపోయినవి. కారణము, నష్టభయమును అంచనావేసి అదుపుచేయు ఏర్పాటులలోని బలహీనత యని వారు చెప్పిరి. మొదటి సంవత్సరము శాస్త్రనియమము కాపాడినది. రెండవ సంవత్సరము పరిపాలనాలోపము దెబ్బతీసినది.

అంతకుముందు 2008లోనే మార్టిన్ చిహాక్, హైకో హెస్సే అనువారు మరియొక సంగతి కనుగొనిరి. చిన్న ఇస్లామిక్ బ్యాంకులు చిన్నవైన మామూలు బ్యాంకులకంటె గట్టిగా నిలుచుచున్నవి. పెద్దవానిలో మాత్రము మామూలు బ్యాంకులే గట్టివి. చిన్న బ్యాంకులో అధికారి తానిచ్చిన సొమ్ము ఎక్కడ ఉన్నదో ఎరుగును. వ్యాపారిని ముఖాముఖి ఎరుగును. బ్యాంకు పెరిగినకొలది వేలకొలది ఒప్పందములను కనిపెట్టుట కష్టమగును. వడ్డీ అప్పులో ఆస్తిని తాకట్టుపెట్టుకొని ఊరకుండవచ్చును. వ్యాపారములో వాటా తీసికొన్నచో ఆ వ్యాపారపు లెక్కలన్నియు చూడవలెను. పెరుగుటతోపాటు పరిపాలనయు పెరుగవలెనని దీని తాత్పర్యము.

మా ప్రసంగమునకు అన్నిటికంటె దగ్గరైన పరిశోధన సబూర్ మొల్లా, మహబూబ్ జమాన్ అనువారు 2015లో ప్రకటించినది. వారు 25 దేశములలో 2005 నుండి 2011 వరకు ఇస్లామిక్ బ్యాంకులను, మామూలు బ్యాంకులను పోల్చి చూచిరి. ధర్మశాస్త్ర మండలికి పర్యవేక్షించు అధికారమున్నచోట బ్యాంకు ఫలితములు మెరుగుపడినవి. ఆ మండలి సలహా చెప్పుటకు మాత్రమే పరిమితమైనచోట దానివలన చెప్పదగిన ప్రయోజనమేమియు కనబడలేదు. బ్యాంకులోనుండియే పైకి వచ్చిన ముఖ్యాధికారి చేతిలో అధికారము కేంద్రీకృతమైనచోట ఇస్లామిక్ బ్యాంకుల ఫలితములు దెబ్బతినినట్లును వారికి తోచినది.

ఇట్టి లెక్కలు శిలాశాసనములు కావు. దేశమునకు దేశమునకు చట్టము వేరు, కాలము వేరు. బాగుగా నడచు బ్యాంకే మంచి మండలిని ఏర్పరచుకొన్నదేమో యని కూడ శంకింపవచ్చును. అయినను లోకానుభవము కూడ ఆ దారినే చూపుచున్నది. ఊరికి పెద్దలున్నారను మాట చాలదు. ఆ పెద్దలు పొలముగట్టుమీదికి పోయి చూచి, తప్పును తప్పని చెప్పగలిగి, చెప్పినది చెల్లించుకొనగలిగిననే ఊరు బాగుపడును.

ఈ సత్యమును గుర్తించి కొన్నిదేశములు నియమములను బిగించినవి. కౌలాలంపూరు కేంద్రముగ 2003 నుండి పనిచేయుచున్న ఇస్లామిక్ ఆర్థికసేవల మండలి 2006లో ఈ బ్యాంకుల పరిపాలనకు మార్గదర్శక సూత్రములను వెలువరించినది. డైరెక్టర్ల బోర్డులో ఒక ఉపసంఘము ఏర్పడి, వోటులేని ఖాతాదారుల ప్రయోజనమును ప్రత్యేకముగ కనిపెట్టవలెనని అందులో చెప్పిరి. మలేషియాలో ఒక పండితుడు ఒక్క ఇస్లామిక్ బ్యాంకు మండలిలో మాత్రమే ఉండవలెను. ఆ దేశపు 2013 నాటి చట్టము ప్రకారము, ధర్మశాస్త్ర నియమమును తెలిసి అతిక్రమించినవారికి ఎనిమిదేండ్లవరకు కారాగారశిక్షయో, రెండున్నర కోట్ల రింగిట్లవరకు జరిమానాయో, లేక రెండునో విధింపవచ్చును. అసలునకు హామీగల డిపాజిట్లను, నష్టభయముగల పెట్టుబడి ఖాతాలను ఆ చట్టమే స్పష్టముగ వేరుచేసినది. ఏ ఖాతాలో వేయుచున్నాడో వేయువానికి ముందే తెలియును. మా దృష్టిలో ఇది అన్నిటికంటె మేలైన సంస్కరణ.

మన దేశపు సంగతి ఏమి? ప్రస్తుత చట్టముల క్రింద మనకు ఇస్లామిక్ బ్యాంకులు లేవు. 2008లో రఘురామ్ రాజన్‌గారి అధ్యక్షతనున్న సంఘము వడ్డీలేని బ్యాంకు సేవలను పరిశీలింపవలెనని సూచించినది. అన్ని వర్గములకును బ్యాంకు సేవలు సమానముగ అందుబాటులో ఉన్నవి గనుక ఆ ప్రతిపాదనను ముందునకు తీసికొనిపోరాదని నిశ్చయించినట్లు రిజర్వు బ్యాంకు 2017లో తెలిపినది. ఆ నిర్ణయములోని మంచిచెడ్డలను చర్చించుట నేటి మా పని కాదు. కాని కోరిక ఉన్నచోట, క్రమబద్ధమైన ద్వారము లేనిచోట, కాపలాలేని ద్వారములు తెరచుకొనును. బెంగుళూరులో ధర్మసమ్మత పెట్టుబడి యను పేరుతో వేలకొలది కుటుంబముల సొమ్ము సేకరించిన ఒక సంస్థ 2019 జూనులో కూలినప్పుడు దినపత్రికలు చూచినవారికి ఆ ఇంటింటి గాథలు జ్ఞప్తిలో ఉండును. అనుమతిలేని డిపాజిట్లను నిషేధించు కేంద్రచట్టము ఆ సంవత్సరముననే వచ్చినది. గల్ఫుదేశములలో పనిచేయు మన తెలుగువారిలో ఎందరికో, ఏ మతమువారికైనను, జీతము పడునది అక్కడి ఇస్లామిక్ బ్యాంకులలోనే కావచ్చును. కావున ఇది ఒక వర్గమువారి ముచ్చట కాదు.

వడ్డీని పాపమని తలచి విడుచువారి నిష్ఠను మేము గౌరవించుచున్నాము. ఆ నిష్ఠకు తగిన సంస్థ కావలెనని కోరుచున్నాము. అట్టి సంస్థలో సొమ్ము వేయబోవువారు కొన్ని ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ సంస్థకు అనుమతి ఇచ్చినదెవరు? నా ఖాతా హామీగలదా, నష్టభయము గలదా? లాభము ఏ వస్తువునుండి, ఏ వ్యాపారమునుండి వచ్చుచున్నది? మండలిలోని పండితులు సలహాదారులా, తనిఖీచేయువారా? వారికి కాక, బయటి ఆడిటరుకు లెక్కలు చూపుచున్నారా? యజమానుల సొంత కంపెనీలకు పోయినదెంత?

ఈ ప్రశ్నలు అడుగుట అపనమ్మకము కాదు. పాలుకిచ్చిన ఆవును చూడబోయిన రైతును ఎవరును శంకాళువు అనరు. ఖురానులో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము అప్పు వ్యవహారమును కాగితముమీద వ్రాసికొని సాక్షులను పెట్టుకొనవలెనని చెప్పునట్టిదేనని పండితులు జ్ఞప్తిచేయుదురు. లెక్క అడుగుట ఆ ధర్మములో భాగమే.

మా వాద్యకారులకు ఈ మాట చెప్పితిమి. వారు రసీదును మడిచి మరల జేబులో పెట్టుకొని, "ఇది ముందు ఎవరైనా చెబితే బాగుండేది" అనిరి. వారి సొమ్ము తిరిగివచ్చునో రాదో కోర్టు తేల్చవలెను. ముందు చెప్పవలసిన మాటను ఇతరులకైనను చెప్పుదమని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.